పెనిమిటి పేరు మీద ఊరు

విజయనగరం పోస్టాఫీసులో ముప్పై నాలుగేళ్లు పనిచేశాను. అన్నేళ్లూ ఊళ్ల పేర్లు, వీధుల పేర్లు చదవడమే నా ఉద్యోగం. రిటైరయ్యాక కూడా ఆ జబ్బు వదల్లేదు. బస్సెక్కితే కిటికీలోంచి బోర్డులే చదువుతాను. "నువ్వు ప్రయాణం చేస్తున్నావా, సార్టింగు చేస్తున్నావా?" అని మా ఆయన వేళాకోళం చేస్తారు. అలాంటి నన్ను, ఒకే మనిషి పేరు మీద రోడ్డూ, బడీ, ఆటస్థలం, హాలూ ఉన్న చోటుకి రమ్మని పిలిస్తే ఆగుతానా?

పిలిచింది లలిత. మలేషియాలో పుట్టి పెరిగిన తెలుగు పిల్ల, సుంగై పెటాని ఊళ్లో ఫ్యాక్టరీ సూపర్‌వైజరు. నిరుడు, నేను రిటైరయ్యే ముందు, ముత్తాత ఊరు వెతుక్కుంటూ పాత కవరొకటి పట్టుకుని మా కౌంటరు దగ్గరికొచ్చింది. కవరు మీద సగం అక్షరాలు చెరిగిపోయాయి. మిగిలిన సగంతో నేను ఊరు పట్టేశాను. ఆ ఊళ్లో వాళ్ల ఇంటిపేరు వాళ్లు ఇంకా ఉన్నారు. రెండు రోజులు వాళ్లింట్లో తిని, ఏడ్చి, నవ్వి వెళ్లింది. ఈ ఏడు ఫోన్ చేసింది.

"ఆంటీ, మా తాత కట్టిన పాత హాలు కూల్చి కొత్తది కట్టినారు. ఓపెనింగుకి మీరు రావాలలా! రాకపోతే మామ్మ ఊరుకోదు."

"లా" అనేది అక్కడి మలయ్ మాట. మాట చివర తగిలిస్తే బతిమాలినట్టూ ఉంటుంది, దబాయించినట్టూ ఉంటుంది. నేను దబాయింపు కిందే తీసుకుని టికెట్టు కొనుక్కున్నాను.

సుంగై పెటాని: మామ్మ

లలిత ఇల్లు వరసగా అతుక్కుని ఉన్న ఇళ్లలో ఒకటి. అందరి చెప్పులూ గేటు లోపల, గుమ్మం బయటే ఉంటాయి. మా కాలనీలో అయితే సాయంత్రానికి ఒక్క జతా మిగలదు. ఇక్కడ నా చెప్పులు భద్రంగానే ఉన్నాయి గానీ, పక్కింటి కుక్క వాటి మీద పడుకుంది. దాన్ని లేపడానికి ఇద్దరు మనుషులు కావలసొచ్చింది.

లోపల నూకాలు మామ్మ ఉంది. లలితకి నానమ్మ. ఎనభై ఆరేళ్లు. చేతినిండా గాజులు లేవు గానీ, నోటినిండా మాటలున్నాయి.

"విజినారం నుండొచ్చినావేటమ్మా? అమ్మోరి పండగ ఇప్పుడూ అలాగే సేస్తారేటి? సిరిమాను కడతన్నారా?"

ఆ మాట వింటే నాకు మా అమ్మమ్మ లేచొచ్చినట్టయింది. మా ఊళ్లో పిల్లలు టీవీ భాష నేర్చుకుని వదిలేసిన మాటలన్నీ ఈవిడ సముద్రం అవతల దాచిపెట్టుకుంది. ఒక్కటే చిత్రం. మా పైడితల్లమ్మని ఎంతసేపూ "అమ్మోరు" అంటుందే గాని, పేరెత్తలేదు. అప్పుడు నాకు తట్టలేదు.

మధ్యాహ్నం నెత్తళ్ల పులుసు పెట్టింది. అందులో మా వైపు చింతపండూ ఉంది, వాళ్ల వైపు కొబ్బరిపాలూ ఉన్నాయి. రెండూ కలిస్తే చెడిపోతుందనుకున్నాను. మూడుసార్లు వేయించుకున్నాను.

బిడోర్: జాంకాయలు

మర్నాడు ఉదయం మామ్మతో కలిసి ముగ్గురం లలిత కారులో దక్షిణానికి బయల్దేరాం. సుంగై సుమున్ దగ్గర వాళ్ల పాత ఎస్టేటు ఉంది. రోడ్డు ఎంత నున్నగా ఉందంటే, మా ఊరి గోతులకి అలవాటైన నా నడుముకి ఏమీ తోచలేదు.

బిడోర్‌లో ఆగాం. అక్కడ జాంకాయలు కొబ్బరికాయంత ఉంటాయి. ముక్కలు కోసి ఎర్రటి పుల్లపొడి చల్లి ఇస్తారు. మనం ఉప్పూకారం అద్దుకున్నట్టే. పొట్లం అయిదు రింగిట్‌లు. మన లెక్కలో వందకి పైనే. ఆ డబ్బుతో మా బజార్లో బుట్టెడు వస్తాయని గొణుక్కుంటూనే పొట్లం ఖాళీ చేశాను.

టీ దగ్గర నాకు అవమానం జరిగింది. నాకు షుగరు. పంచదార వద్దని చేతులూపాను. టీ కలిపే మలయ్ కుర్రాడు నవ్వుతూ తలూపి, సగం గ్లాసు తియ్యటి డబ్బాపాలు పోసి, ఆ గ్లాసులోంచి ఈ గ్లాసులోకి బారెడు ఎత్తున తిప్పి పోసి ఇచ్చాడు. "పంచదార వెయ్యలేదు" అన్నాడట. నిజమే, వెయ్యలేదు.

"తాగీమ్మా, ఒక్క పూటకి ఏటీ కాదు" అంది మామ్మ. తాగేశాను. చాలా బాగుంది.

తెలుక్ ఇంతాన్: ఫోనుకి చెప్పని పేరు

తెలుక్ ఇంతాన్‌లో ఒక పక్కకి ఒరిగిన గడియారం గోపురం ఉంది. చూడ్డానికి జనం వస్తారు. మా దగ్గర ఇలా ఒరిగితే ఇంజనీరుని సస్పెండ్ చేస్తారని లలితతో అన్నాను.

అక్కడ్నించి బయల్దేరగానే వాన కుమ్మేసింది. దారి కనబడటం లేదు. లలిత రెండు చేతులా స్టీరింగు పట్టుకుని, "మామ్మా, ఫోను నీ ముందరే ఉంది కదా, జలాన్ పైడయ్య అని సెప్పు. అదే దారి సూపిస్తాది" అంది. జలాన్ అంటే రోడ్డు.

మామ్మ పెదాలు బిగించింది. "నువ్వు సెప్పు."

"నాను డ్రైవింగులో ఉన్నాను మామ్మా!"

"అయితే వానే తగ్గనీ."

నాకు అప్పుడు వెలిగింది. పైడయ్య ఆవిడ మొగుడు. ఈవిడ మొగుడి పేరు పలకదు! అమ్మవారి పేరులో ఆయన పేరు కలిసిందని దాన్నీ పలకదు.

నాకు నవ్వాగలేదు. మా కౌంటరు దగ్గర ఇలాంటి ఆడవాళ్లని ఎంతమందిని చూశాను! రిజిస్టరు ఉత్తరం తీసుకోడానికి వస్తారు. మొగుడి పేరేమిటమ్మా అంటే చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, "కొండ మీద దేవుడి పేరు బాబూ" అంటారు. వెంకటేశా? కాదు. అప్పన్నా? అప్పుడు సిగ్గుపడతారు. మా అమ్మ అయితే నాన్న పేరు సత్యనారాయణ కాబట్టి, జీవితమంతా వ్రతాన్ని "పున్నం పూజ" అంది. నేను మా ఆయన్ని పేరు పెట్టి పిలుస్తానని తెలిసిన రోజు మా అమ్మ అన్నం మానేసింది.

వెనక సీట్లోంచి నేనే ఫోనుకి చెప్పాను. మామ్మ నా వంక తిరిగి, "బతికించినావు" అంది.

డెబ్బై ఏళ్లకు పైగా ఆ పేరు ఆవిడ నోట రాలేదట. ఆ రోడ్డు మీదే ఇరవై ఏళ్లు కాపురం చేసింది. టాక్సీ వాడికి "కొబ్బరి డిపో దాటినాక రెండో దారి" అని చెప్పేదట.

సుంగై సుమున్: బోర్డులు

ఎస్టేటు ఇప్పుడు లేదు. రబ్బరు చెట్లు పోయి పామాయిలు తోటలొచ్చాయి. కూలీల లైను ఇళ్లు పడగొట్టేశారు. మనుషులు క్లాంగుకీ, ఈపోకీ వెళ్లిపోయారు. ఓ పాతిక తెలుగు కుటుంబాలు మిగిలాయి.

కానీ మలుపు తిరగ్గానే పచ్చటి బోర్డు కనిపించింది. జలాన్ పైడయ్య. నేను కారు ఆపించి, వానలోనే దిగి ఫొటో తీసుకున్నాను. రోడ్డు లేని రోజుల్లో పురిటి నొప్పులొచ్చిన ఆడవాళ్లని మంచం మీద మోసుకెళ్లేవారట. పైడయ్య గారు కూలీలందర్నీ పోగేసి ఆదివారాలు రాళ్లు పరిపించాడట. అందుకని ఆ రోడ్డు ఆయనదయింది.

తర్వాత తడికా పైడయ్య. తడికా అంటే ఇక్కడ చిన్నపిల్లల బడి. మన తడికలు గుర్తొచ్చి నేను నవ్వాను గానీ, లలితకి తడిక అంటే ఏమిటో తెలీదు. నా నవ్వు దండగైంది. మలయ్, చైనా, తమిళ, తెలుగు పిల్లలు కలిసి కూర్చున్నారు. టీచరు మలయ్ అమ్మాయి. మమ్మల్ని చూపించి ఏదో చెప్పగానే పిల్లలందరూ లేచి, "సెలమత్ దాతాంగ్ కె తడికా పైడయ్య!" అని అరిచారు. బడికి స్వాగతమని అర్థం. మామ్మ గేటు దగ్గరే నిలబడి చెంగు పెదాల మీద పెట్టుకుని వింది. ఎవరో పలికితే వినడం మాత్రం ఎంత ఇష్టమో ఆవిడ ముఖం చూస్తే తెలిసింది.

ఫుట్‌బాల్ మైదానం కూడా ఆయన పేరే. గోల్ పోస్టు దగ్గర రెండు ఆవులు మేస్తున్నాయి.

విమానంలో చదువుకోడానికి తెచ్చుకున్న పత్రికలో ఒక వ్యాసం ఉంది. అమెరికాలో పొటావటోమి అనే ఆదివాసీ జాతి నాయకుడొకాయన పేరు మీద ఊరు, పార్కు, బడి అన్నీ ఉన్నాయట. ఆయన మనుషుల్ని మాత్రం ఆ నేల మీంచి వెళ్లగొట్టారట. పేరుంచుకుని మనుషుల్ని పంపేయడం ఏం మర్యాదో నాకు అర్థం కాలేదు. ఇక్కడ కూడా మనుషులు చెదిరిపోయారు. కానీ పేరుతో పాటు ఆ పేరుగల మనిషి పెళ్లాం నా పక్కన గొడుగు పట్టుకుని నిలబడి ఉంది. అందుకే నాకు ఆ బోర్డులు చూస్తే ఛాతీ ఉప్పొంగింది.

హాలు: రాయి మీద వేరే పేరు

కొత్త హాలు బాగా కట్టారు. పైకప్పు ఖర్చంతా రామ్మూర్తి గారు ఇచ్చారట. కువాలా సెలంగోర్‌లో లారీల వ్యాపారం. డెబ్బై ఏళ్ల మనిషి, ఎస్టేటులోనే పుట్టారు. ఎదురొచ్చి నా సంచి అందుకున్నారు.

"రండమ్మా! ఇండియా నుండొచ్చినారు, శానా సంతోషం. టీ తాగినారా? నూకాలప్పా, బాగున్నారా?" మా వైపులాగే ఇక్కడా అక్కని అప్ప అంటారు.

గుమ్మం పక్క గోడకి నల్లరాయి బిగించి, గుడ్డ కప్పారు. మర్నాడు తీస్తారు. చేతికి కరపత్రం ఇచ్చారు. ఒక పక్క మలయ్, ఒక పక్క తెలుగు. మామ్మకి చదువు రాదు కాబట్టి లలిత పైకి చదవడం మొదలెట్టింది. ఎస్టేటు చరిత్ర, రోడ్డు, బడి. తర్వాత గొంతు ఆగిపోయింది.

"ఏటే, ఆపీసినావు?" అంది మామ్మ.

లలిత నా వంక చూసి, మెల్లిగా చదివింది. ఈ హాలుని కట్టించినవారు మండోరు సన్యాసి గారు. కొత్త హాలు ఆయన పేరు మీదే ఉంటుంది.

మండోరు అంటే కూలీల మీద మేస్త్రీ. సన్యాసి గారు రామ్మూర్తి గారి తాత.

"సన్యాసి మండోరు కట్టినాడని ఎవుడు సెప్పినాడు?" మామ్మ గొంతు లేచింది.

"మీరే సెప్పినారు కదప్పా!" అన్నారు రామ్మూర్తి గారు. ఆయన నిజంగానే ఆశ్చర్యపోయారు. ఫోను తీశారు. నాలుగేళ్ల కిందట ఇక్కడి కుర్రాళ్లు పెద్దవాళ్ల మాటలు రికార్డు చేశారట. అందులో మామ్మ గొంతు వినిపించింది.

"మండోరు గారు ఆ పొద్దు సెట్లు గియ్యొద్దన్నారు. బకెట్లు కిందెట్టి అందర్నీ కూకోమన్నారు. ఎండెక్కితే పాలు రావు కదా. తొమ్మిదింటికి దొర దిగొచ్చినాడు. పొగగది ఇప్పిన కర్రలు, రేకులు మాకిచ్చినాడు. ఆటితోనే హాలు కట్టినాం."

రబ్బరు చెట్టుని తెల్లవారకముందే గియ్యాలి. పొద్దెక్కితే పాలు కారవు. ఆ ఒక్క పొద్దు పని ఆపి కూర్చున్నందుకే, రబ్బరు ఆరబెట్టే పాత పొగగది సామానుతో హాలు వచ్చింది.

"ఆ ఏడు మండోరు మా తాతే. ఎస్టేటు పుస్తకంలో ఉంది" అన్నారు రామ్మూర్తి గారు.

సంగతి అర్థమై నేను తల పట్టుకున్నాను. లలిత చెప్పిన ప్రకారం, హాలు కట్టినప్పుడు పైడయ్య గారు ఉత్త కూలీ. ఆరేళ్ల తర్వాత ఆయన మండోరయ్యాడు. అప్పటికి మామ్మకి, పేరు పలకకుండా మొగుణ్ణి చెప్పుకోడానికి ఓ మాట దొరికింది. ఇక పాత కథల్లోనూ కొత్త కథల్లోనూ ఆయన్ని మండోరు గారినే చేసేసింది. విన్న కుర్రాళ్లకి ఈ ఆచారమే తెలీదు. పుస్తకం చూశారు, సన్యాసి గారి పేరు రాసేశారు.

నేను ఇదంతా విడమరిచి చెప్పాను. రామ్మూర్తి గారు ఓపిగ్గా విన్నారు గానీ, తల అడ్డంగా ఊపారు.

"మీ మాట తోసెయ్యడం గాదమ్మా. రేపు పొద్దున్న ఓపెనింగు. ప్రతి ఇంటోళ్లూ ఆళ్ల తాతే సేసినాడంటారు. నాను దేన్ని బట్టి రాయి మార్చాలి? పైడయ్య గారికి మూడు పేర్లు ఉండనే ఉన్నాయి."

"మూడు లడ్లు తిన్నారు, నాలుగోది మాకు పెట్టండి అనడానికి ఇదేమైనా పెళ్లి బంతా?" అన్నాను. పరాయి దేశంలో నోరు అదుపులో పెట్టుకోమని మా ఆయన చెప్పి పంపించారు. పెట్టుకోలేకపోయాను.

ఆయన కోపగించుకోలేదు. "రేపు అందరి ముందర అప్పని సెప్పమనండి. జనం ఒప్పుకుంటే రాయి నా సేత్తోనే ఇప్పుతాను" అన్నారు.

మామ్మ వెళ్లి గుడ్డ కప్పిన రాయి ముందు నిలబడింది. రోడ్డు, బడి, మైదానం ఊరి కోసం. ఆ హాలు మాత్రం వేరు. ఆ పొద్దు ఆవిడ చంకలో పసిబిడ్డతో ఆ తడి నేల మీద కూర్చుంది. పని పోతుందేమోనని అందరూ వణుకుతుంటే, ఆయన పక్కన మొదట కూర్చున్నది మామ్మేనని దారిలో లలిత నాకు చెప్పింది. ఇప్పుడు తన నోటి మాట వల్లే అది ఆయనది కాకుండా పోతోంది.

మర్నాడు: మైకు

పొద్దున్నే హాలు వెనక వంట మొదలైంది. ముగ్గురు ముసలమ్మలు బూరెలు వేస్తున్నారు. లోపల పూర్ణంలో మన బెల్లం బదులు నల్లటి తాటిబెల్లం లాంటిది వేస్తారు. రెండు తిని మూడోదాని కోసం చెయ్యి చాపాను.

పదింటికి హాలు నిండిపోయింది. ముందు వరసల్లో పెద్దవాళ్లు, వెనకాల ఫోన్లు పట్టుకుని పిల్లలు. రామ్మూర్తి గారు మాట తప్పలేదు. గుడ్డ తియ్యకముందే, "నూకాలప్ప రెండు మాటలు సెప్తారు" అని మైకు స్టాండు దించారు.

లలిత లేచింది. "మామ్మా, నాను సెప్పనా నీ తరపున?"

"కూకో" అంది మామ్మ.

చెంగు తల మీదకి లాక్కుంది. మైకుని రెండు చేతులా పట్టుకుంది.

"నాను సదువుకోనేదు. నా కాడ కాయితం నేదు. ఆ పొద్దు సెట్ల కింద కూకున్నోళ్లలో నానొక్కదాన్నే మిగిలినాను. మండోరు గారు కట్టినారని సెప్పినాను. నిజమే. నా మండోరు ఎవుడో నాకు తెలుసు. మీకు తెలీనేదు. తప్పు మీది గాదు."

మామ్మ ముందు వరసల వైపు తిరిగింది.

"పెళ్లినాడు గడప కాడ ఆపి, పేరు సెప్తేగాని లోనికి రానీమన్నారు. అప్పుడొక్కసారి సెప్పినాను. ఆ మీద ఈ పొద్దు వరకు నా నోట రానేదు. ఆయన సచ్చిపోయినప్పుడు కూడా పేరెట్టి ఏడవనేదు."

కళ్లు మూసుకుని చేతులు జోడించింది. "తప్పయితే కాయండి" అంది. మాతో కాదు.

తర్వాత కళ్లు తెరిచి, గోడకి వినబడేలా చెప్పింది.

"గొర్లె పైడయ్య. ఈ హాలు కట్టినోడు గొర్లె పైడయ్య."

వంటింటి గుమ్మంలో నిలబడ్డ ముసలమ్మ చేతిలోంచి జల్లెడగరిటె కింద పడింది. "నూకాలు పేరు సెప్పీసిందే!" అని నోరు నొక్కుకుంది. ముందు వరసల్లో పెద్దవాళ్లందరూ లేచి నిలబడిపోయారు. వెనకాల పిల్లలకి ఏం జరిగిందో తెలియక ఒకళ్లనొకళ్లు అడుక్కుంటున్నారు. వాళ్ల అమ్మమ్మలు చెవుల్లో చెబుతుంటే ఒక్కొక్కళ్లే లేవడం నేను చూశాను. గుడిలో దీపం ఆర్పి ప్రమాణం చేసినా అంత నమ్మకం రాదు. నాకు ఏడుపు ఆగలేదు. ఆపుకోవాలని కూడా అనిపించలేదు.

రామ్మూర్తి గారు వేదిక దిగొచ్చి మామ్మ కాళ్లకి దణ్ణం పెట్టారు. లేచేసరికి ఆయన కళ్లద్దాలు తడిసిపోయాయి.

"మా అమ్మ కూడా అంతేనప్పా. ఆస్పత్రిలో డాక్టరు అడిగినా మా అయ్య పేరు సెప్పనేదు. నన్ను సూపించి, ఈడి అయ్య అంది. ఇంక నాకెవురి సాచ్చెమూ అక్కర్నేదు."

మామ్మ ఇంకా మైకు వదల్లేదు. "ఇనండి. సన్యాసి మండోరు కూడా మంచోడే. ఆ పొద్దు జొరం అని గుమ్మం దాటనేదు. దాటితే దొరకి మా పేర్లు సెప్పాలి కదా! జొరం నేదు, గిరం నేదు. ముందర అరుగుకి ఆయన పేరెట్టండి."

హాలంతా నవ్వులు, చప్పట్లు. అందరికంటే పెద్దగా నవ్వింది రామ్మూర్తి గారే.

స్క్రూడ్రైవరు తెప్పించి, గుడ్డ తీసేసి, చొక్కా చేతులు మడిచి, అన్నమాట ప్రకారం తన చేత్తోనే రాయి విప్పారు. నాలుగో స్క్రూ రాలేదు. నలుగురు పట్టుకుని లాగారు. రాయిని వెనక్కి తిప్పి మళ్లీ బిగించారు. వెనకవైపు నున్నగా ఖాళీగా ఉంది.

గుమ్మం అంచులకి రంగు వేస్తున్న చైనా పెయింటరు ఒకాయన అక్కడే ఉన్నాడు. చెక్కించే దాకా రాయి బోసిగా ఉండకూడదని ఆయన్ని పిలిచారు. ఆయన కుంచె తెల్లరంగులో ముంచి, మలయ్‌లో పేరేమిటని అడిగాడు.

లలిత నోరు తెరిచింది.

"నువ్వుండు" అంది మామ్మ. "నాను సెప్తాను."

చెప్పింది. పెయింటరు తలూపి రాయడం మొదలెట్టాడు. ఆయన మళ్లీ అడగలేదు. మామ్మే ఇంకోసారి చెప్పింది.